తలుపుకు ఇవతల హార్మోనియం

తన్ను, తన్నరా మగడా, ఇంకా గట్టిగా తన్ను, అది మా నాన్న దగ్గరుండి చేయించిన తలుపు, నువ్వు తన్నితే ఊడే రకం కాదు, ఊడితే నీ కాలే ఊడాలి, ఊడనీ, పీడ విరగడవుతుంది, అనుకుంటూ ఎడమచేత్తో తిత్తి ఆడిస్తున్నాను, కుడిచేత్తో షడ్జం మెట్టు నొక్కి పట్టుకున్నాను. హార్మోనియం పై పలక విప్పి పక్కన పెట్టాను కాబట్టి లోపలి రీడ్లు కనిపిస్తున్నాయి, చిన్న చిన్న బిళ్ళల మీద సన్నటి ఇత్తడి నాలుకలు, మెట్టుకు రెండేసి. ఆ రెండూ ఒక్కటే స్వరం పలకాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా గాలిలో వణుకు పుడుతుంది, ఆ వణుకు చచ్చేదాకా నాలుక కొసను గీకాలి, వినాలి, మళ్ళీ గీకాలి. వినడానికి నిశ్శబ్దం కావాలి. నిశ్శబ్దమట, నా మొహం! మిట్టమధ్యాహ్నం, వెనక గదిలో మొగుడు, గదికి బయటి నుంచి తాళం, తాళానికి ఎదురుగా చాప మీద నేను, నా ముందు సాయంత్రానికల్లా ఇచ్చి తీరాల్సిన పాటల టీచరమ్మ పెట్టె. ధన్‌మని ఇంకో తన్ను. గోడ సున్నం రాలి రీడ్ల మీద పడింది. ఊదాను. "ఒసేయ్, చెవుడా నీకు? తియ్యవే తలుపు! తియ్యకపోతే పీక పిసికి చంపుతా నిన్ను!" పిసుకుదువుగాని నాయనా, ముందు బయటికి రా. గీకాను. విన్నాను. వణుకు ఇంకా ఉంది.

తాళం వెయ్యమన్నది వాడే కదా. పొద్దున మంచినీళ్ళ గ్లాసు పళ్ళకు తగిలి టకటకలాడుతుంటే, సగం నీళ్ళు చొక్కా మీద పోసుకుని, వాడే తాళంకప్ప తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. "తాగుడు మాన్పించే ఆస్పత్రిలో మంచం రేపటికి గానీ ఖాళీ అవదన్నారుగా. ఈ ఒక్కరోజు నన్ను నమ్మకు. ముందు గదిలో వద్దు, వెనక గదిలో పడేసి తాళం వెయ్యి. ఎంత మొత్తుకున్నా తియ్యకు, కాళ్ళు పట్టుకున్నా తియ్యకు." తలుపుకు అవతలుండి కాళ్ళెలా పట్టుకుంటావయ్యా అని నవ్వొచ్చింది నాకు, నవ్వాను కూడా, వాడూ నవ్వబోయాడు గానీ దవడ వణికి నవ్వు కుదరలేదు. ఆడపడుచు డ్యూటీ బట్టల్లోనే వచ్చింది, బస్సు కండక్టరు, భుజాన టికెట్ల సంచి. వస్తూనే, "తాళంచెవి నా దగ్గరుండనీ వదినా. అన్నయ్య రెండు కన్నీటిబొట్లు రాల్చాడంటే నువ్వు వెన్నపూసవి, నాకు తెలియదా?" అని లాగేసుకుని సంచిలో వేసుకుంది. నిజమే, నన్ను నేనే నమ్మను. ఆ పాత తాళానికి అదొక్కటే చెవి. ఇద్దరం కలిసి గదిని చీపురేసి ఊడ్చినట్టు వెతికాం. దిండు గలీబులో ఒక సీసా, కిటికీ చువ్వకు దారం కట్టి బయటికి వేలాడదీసిన సీసా, అమ్మో ఏం తెలివి, ఆ తెలివిలో పిసరంత పనిలో చూపించినా ఈపాటికి మేస్త్రీ అయ్యేవాడు. బ్లేళ్ళు తీశాం, తాడు తీశాం, దగ్గుమందు, గడ్డం గీసుకున్నాక రాసుకునే సెంటునీళ్ళు కూడా తీసేశాం. "బయటపడ్డాడంటే నీ తల పగలగొడతాడు" అని నా సుత్తీ ఇనుపకడ్డీ కూడా తనే మోసుకుపోయి కింద వాటాలో దర్జీ బాబాయి ఇంట్లో పెట్టేసింది. "ఇక ఆ గదిలో చీమక్కూడా చుక్క దొరకదు వదినా" అంది వెళ్తూ వెళ్తూ.

ఇప్పుడు భుజంతో గుద్దుతున్నాడు. చప్పుడు మెత్తగా బరువుగా ఉంది. కాలు వేరు, భుజం వేరు, తల వేరు, వినగానే చెప్పగలను, చెవులు అమ్ముకుని బతికేదాన్ని కదా. ఈ చెవులే వాణ్ణి నాకు తగిలించాయి. పాటల బడిలో లిఫ్టు బాగుచేయడానికి వచ్చాడు, గ్రీజు మరకల చొక్కా, జేబులో మూడు స్క్రూడ్రైవర్లు, నేను వరండాలో కూర్చుని ఇలాగే ఒక్క స్వరం పట్టుకుని వేలాడుతున్నాను. "ఏమండీ, పొద్దున్నుంచీ వింటున్నా, మీకు ఆ ఒక్కటే వచ్చా?" అన్నాడు. "మీకు పైకీ కిందికీ పోవడం తప్ప ఇంకేమైనా వచ్చా?" అన్నాను. పడీ పడీ నవ్వాడు. ఎంత బాగుండేదో ఆ నవ్వు! గొంతు కింద ఎక్కడో మొదలై గబుక్కున పంచమం మీదికి దూకేది, విన్న వాళ్ళు ఎందుకో తెలియకుండానే నవ్వేవాళ్ళు. ఒంటిమెట్టు అని పేరు పెట్టాడు నాకు. పెళ్ళిలో అందరి ముందూ "ఏయ్ ఒంటిమెట్టూ, ఇటు జరుగు" అన్నాడు, మా నాన్న మురిసిపోయాడు. తర్వాత ఒకరోజు లిఫ్టు గోతిలో తోటివాడు పడి చచ్చిపోయాడు, శవాన్ని పైకి లాగింది వీడే. ఆ రోజు తాగొచ్చాడు. ఆ రోజు ఎవరైనా తాగుతారు. మర్నాడూ తాగాడు. ఆ తర్వాత ఎందుకు తాగుతున్నాడో వాడికీ గుర్తులేదు, అడిగితే కొట్టేవాడు.

"నీ పెట్టెలన్నీ కుప్పేసి తగలబెడతా! దాని మీద నిన్ను కూర్చోబెట్టి తగలబెడతా ముండా!" తగలబెట్టవు, విసిరేస్తావు. మా నాన్న పెట్టెను మేడ మీంచి వీధిలోకి విసిరావు చూడు, గాలిలోనే తిత్తి విచ్చుకుని అన్ని స్వరాలూ ఒక్కసారే అరిచింది, మనిషి అరిచినట్టే అరిచింది, నేను కిందికి పరిగెత్తి ముక్కలు ఏరుకుంటుంటే జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి ఇదిగో ఈ గోడకే, సున్నం రాలుతున్న ఈ గోడకే, ముక్కు పచ్చడి చేశావు. నేనూ తక్కువ తినలేదు. పెట్టె పలక ఎత్తి చెవి మీద బాదాను. చెవి వెనక చీలి మెడ మీదుగా చొక్కాలోకి కారింది రక్తం. అది చూసి భయం వేయలేదు నాకు, సిగ్గూ వేయలేదు, ఇంకొకటి కొట్టాలనిపించింది, కొట్టాను. కింద దర్జీ బాబాయి కుట్టుమిషను వేగం పెంచాడు. మా ఇంట్లో మొదలైతే చాలు ఆయన మిషను పరుగెత్తుతుంది, పాపం ముసలాయన, ఏం చేస్తాడు. ఒక్కోసారి వీడు తాగి వెల్లకిలా పడి నిద్రపోతుంటే మెడ మీద నరం కొట్టుకోవడం చూస్తూ కూర్చునేదాన్ని, చేతిలో రీడ్లు గీకే కత్తి. సన్నటి కత్తి. ఇత్తడినే కోస్తుంది. ఇక్కడ ఒక్క గీత చాలు కదా అనుకునేదాన్ని, అనుకుని, కత్తి పదును బొటనవేలితో చూసి, లేచి వచ్చి పెట్టె ముందు కూలబడేదాన్ని. షడ్జం నొక్కేదాన్ని. పాట కాదు, రాగం కాదు, నాకు పాడటం రాదు, ఒక్క స్వరం. మొదట అది బయట ఉంటుంది, కాసేపటికి పళ్ళల్లోకి వస్తుంది, తర్వాత ఛాతీలోకి, ఆ తర్వాత దెబ్బ తగిలిన చోటికి వెళ్ళి అక్కడ కూర్చుంటుంది. నొప్పి పోదు. నొప్పికి తోడు దొరుకుతుంది. నాకు అమ్మ లేదు, నాన్న పోయాడు, చెప్పుకోవడానికి ఆడపడుచు తప్ప మనిషి లేదు, ఆమెకు మాత్రం ఎన్నని చెప్పను, రక్తం పంచుకున్న అన్నయ్య కదా. స్వరానికి ఏదైనా చెప్పుకోవచ్చు. వాణ్ణి చంపాలనుందని చెప్పినా అది అలాగే మోగుతుంది.

దడదడదడ, ఇప్పుడు రెండు చేతులతో. తర్వాత తల. తలే, నాకు తెలుసు, ఆ చప్పుడులో ఎముక ఉంటుంది. "ఆపరా, తల పగులుతుంది!" అని అరిచాను, అరిచినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆపాడు. గరగరమని ఊపిరి. లోపల ఏదో దొర్లింది, బక్కెట్టు కాబోలు. తలుపు కింది సందులోంచి వాడి పాదాల నీడ అటూ ఇటూ తిరుగుతోంది. తర్వాత ఆ నీడ వచ్చి తలుపుకు ఆనుకుంది. "ఒంటిమెట్టూ" అన్నాడు. నా చేతిలో కత్తి జారి చాప మీద పడింది. ఎన్నేళ్ళయింది ఆ పిలుపు విని! "ఒళ్ళంతా పురుగులు పాకుతున్నాయే. నువ్వు వాయిస్తుంటే పాకడం ఆగుతోంది. ఆపకు. ఆ ముక్క ముక్కలుగా గీకుతూ కాదు, గట్టిగా వాయించు, అన్నీ కలిపి వాయించు, నాకు ఇంకేమీ వినబడకూడదు." గొంతు పసిపిల్లాడి గొంతులా ఉంది. ఎవరు కరగరు చెప్పండి? ఆడపడుచు తాళంచెవి పట్టుకుపోయి మంచిపని చేసింది గానీ, ఉంటే ఆ క్షణంలో తీసేసేదాన్ని. తియ్యలేను కాబట్టి వాయించాను. షడ్జం, పంచమం, పైషడ్జం కలిపి నొక్కి తిత్తి బారుగా లాగాను. "ఇంకా గట్టిగా" అన్నాడు. లాగాను. "అదీ, అలా" అన్నాడు. నీడ తలుపు దగ్గర్నుంచి జరిగిపోయింది.

అబ్బ, ఎంత హాయి! గోడ గమ్మునుంది, తలుపు గమ్మునుంది, కింద మిషను కూడా మామూలు నడకలో పడింది. కళ్ళు మూసుకున్నాను. వాడు వింటున్నాడు. మంచం మీద పడుకుని, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, నా స్వరం మీద తల పెట్టుకుని పడుకున్నాడు అనుకున్నాను, ఇన్నాళ్ళూ నన్ను బతికించింది వాణ్ణీ బతికిస్తోంది అనుకున్నాను, ఇంత మందు నా చేతిలో పెట్టుకుని ఊరంతా డాక్టర్ల చుట్టూ తిరిగాను కదరా దేవుడా అనుకున్నాను. ఏడుపొచ్చింది, ఏడుస్తూనే వాయించాను, ముక్కు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక భుజానికి రుద్దుకున్నాను. రేపు ఆస్పత్రి. ఆ తర్వాత ఏదో ఒక పని. లిఫ్టులు వద్దు, నా దగ్గరే తిత్తులకు తోలు అంటించమంటాను, చేతులు కుదురుకుంటే వాడంత నాజూగ్గా పనిచేసేవాడు లేడు. ఆస్పత్రి గేటు కూడా దాటలేదు, నేను మాత్రం వాణ్ణి బాగుచేసి పనిలో కూడా పెట్టేశాను, అదీ నా వరస. ఒక్కో మెట్టూ నొక్కి చూసుకున్నాను. ఎక్కడా వణుకు లేదు. వాయిస్తూ వాయిస్తూనే రీడ్లన్నీ కుదురుకున్నట్టనిపించింది, కుదరలేదు, నా మనసు కుదురుకుంది. పలక బిగించాను, ఒక చేత్తో తిత్తి ఆడిస్తూనే, రెండో మోచెయ్యి మెట్ల మీద ఆనించి ఆ చేతి వేళ్ళతోనే మరలు తిప్పాను, స్వరం ఆగితే వాడు లేస్తాడని. పెట్టె మూల ఒకచోట గీత పడి ఉంది. టీచరమ్మకు డేగకళ్ళు, వదలదు. కాస్త పాలిష్ అద్దితే సరి అనుకుని చెయ్యి చాచాను. చెయ్యి బల్ల వైపు పోలేదు. తలుపు వైపు పోయింది.

పాలిష్ ఎప్పుడూ వెనక గదిలోనే ఉంటుంది. మా నాన్న కాలం నుంచీ అక్కడే, అటక మీద, చెక్కల వెనకాల, పొయ్యికి దూరంగా ఉండాలని, ఎందుకంటే అది లక్కను స్పిరిట్లో నానబెట్టి చేసేది, నిప్పు చూస్తే భగ్గుమంటుంది. పెద్ద సీసా. పక్కనే ఇంకా లక్క కలపని ఉత్త స్పిరిట్ సీసా. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న సీసాలు, అవి నాకు సీసాల్లా కనిపించవు, పనిసామాను లాగే కనిపిస్తాయి, సెంటునీళ్ళు తీసిన దాన్ని అవి తియ్యలేదు. ఆడపడుచుకు తెలియదు. వాడికి తెలుసు. ముందు గదిలో వద్దు, వెనక గదిలో పడేయమన్నాడు. ఒరేయ్. ఒరేయ్! గట్టిగా వాయించు, అన్నీ కలిపి వాయించు. వాడికి ఇంకేమీ వినబడకూడదని కాదు, నాకు వినబడకూడదని. అటక కింద బక్కెట్టు బోర్లించిన చప్పుడు, చెక్కలు జరిపిన చప్పుడు, బిరడా పీకిన చప్పుడు, ఈ చెవులకు అవన్నీ విడివిడిగా తెలిసిపోతాయని వాడికి తెలుసు. ఒంటిమెట్టూ అని పిలిచి, నా స్వరాన్నే దుప్పటి కప్పుకుని తాగాడు.

ఆ సంగతి తెలిశాక కూడా నా చెయ్యి ఆగలేదు, అదే విడ్డూరం. తిత్తి ఆడుతూనే ఉంది. చావు, అనుకున్నాను. చావరా. అది తాగితే ముందు కళ్ళు పోతాయట, తర్వాత ప్రాణం పోతుందట, పోనీ. నేనేం చేశాను, నువ్వే తాళం వెయ్యమన్నావు, నువ్వే వాయించమన్నావు, నేను వాయిస్తూ కూర్చున్నాను, ఎవరడిగినా అదే చెప్తాను, అబద్ధం కూడా కాదు. ఆడపడుచు డ్యూటీ దిగి వచ్చేసరికి అంతా అయిపోతుంది. ఈ హాయి ఇలాగే ఉంటుంది. రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది, గోడ మీద సున్నం గోడ మీదే ఉంటుంది, కత్తి ఇత్తడికి తప్ప దేనికీ గుర్తురాదు. చావు, చావు, చావు, అని తిత్తి లాగినప్పుడల్లా అనుకున్నాను, పళ్ళు కొరుకుతూ అనుకున్నాను, స్వరం పళ్ళల్లోకి వచ్చింది, ఛాతీలోకి వచ్చింది, అక్కడ మామూలుగా కూర్చోలేదు. చెవి ఊరుకోవడం లేదు. స్వరాన్ని దాటి అవతలికి పోతోంది, గది లోపలికి పోయి వెతుకుతోంది, వాడి ఊపిరి ఎక్కడ? పది గదుల అవతల ఉన్నా వినబడే ఆ గురక ఎక్కడ? మెట్ల మీంచి వేళ్ళు ఎత్తేశాను. తిత్తిలో మిగిలిన గాలి ఉస్సుమని పోయింది. లోపల ఏమీ లేదు. తర్వాత నీళ్ళ గొట్టంలో బురద అడ్డం పడ్డట్టు ఒక గులగుల. తర్వాత మళ్ళీ ఏమీ లేదు.

"ఏమయ్యా!" అన్నాను. "ఏమయ్యా, పలుకు! తిట్టు!" ఫోను తీసి ఆడపడుచుకు చేశాను, మోగింది, మోగింది, ఏ రూట్లో ఏ బస్సులో టికెట్లు కొడుతోందో, సంచి అడుగున తాళంచెవి పక్కనే మోగి ఉంటుంది. కత్తి గొళ్ళెం కింద దూర్చి ఎత్తాను, పుటుక్కున విరిగింది. సుత్తి లేదు, కడ్డీ లేదు, అంతా కింద దాచాం కదా నా తల కాపాడుకోవడానికి. ఈ తలుపు లోపలికి తెరుచుకునేది, లోపలి నుంచి వాడు రోజంతా తన్నినా చట్రం మీదే తన్నాడు, బయటి నుంచి గుద్దితే అడ్డం గొళ్ళెం ఒక్కటే. గుద్దడానికి బరువైనది ఏది ఇంట్లో? వెతకలేదు నేను. వంగి పెట్టె ఎత్తాను. టీచరమ్మ పెట్టె, టేకు చెక్క, పాత కాలపు బరువు, అన్ని రీడ్లూ శ్రుతిలో కుదిరాయనుకున్న పెట్టె. రెండు చేతులా పట్టుకుని గొళ్ళెం పక్కన గుద్దాను. తిత్తి తెరుచుకుని అరిచింది. మళ్ళీ గుద్దాను. మూల చెక్క విరిగి నా ముంజేతిలో దిగింది. మళ్ళీ. మెట్లు ఊడి చెల్లాచెదురయ్యాయి, రీడ్లు గలగలమని నేల మీద దొర్లాయి, నేను అరుస్తున్నానో పెట్టె అరుస్తోందో తెలియలేదు. కింద మిషను ఠక్కున ఆగింది. "బాబాయ్, అంబులెన్స్! అంబులెన్స్ పిలువు బాబాయ్!" ఇంకోసారి గుద్దేసరికి గొళ్ళెం మరలతో సహా ఊడి వచ్చి తలుపు లోపలికి విసురుగా తెరుచుకుంది, తలుపుతో పాటు నేనూ పడ్డాను.

బోర్లించిన బక్కెట్టు పక్కన వెల్లకిలా ఉన్నాడు. స్పిరిట్ వాసనకు కళ్ళు మండాయి. పాలిష్ సీసా మూత కూడా తియ్యలేదు, ఉత్త స్పిరిట్ సీసా ఛాతీ మీద పడుకుని ఉంది, సగం చొక్కాలోకి పోయింది, మిగతా సగం ఎటు పోయిందో వేరే చెప్పాలా. పెదాలు నీలంగా ఉన్నాయి. పక్కకు దొర్లించాను. నోట్లోంచి నురగ, వాంతి, వేలు పెట్టి తోడేశాను. ఊపిరి ఉంది, వచ్చి, ఆగి, మరచిపోయి, మళ్ళీ వచ్చినట్టు ఉంది. "నిద్రపోకు" అన్నాను. నిద్రపోతున్నాడు. చెంప మీద కొట్టాను. తల అటు వాలింది. రెండో చెంప మీద కొట్టాను. "నన్ను మోసం చేస్తావురా, నా స్వరంతో నన్నే మోసం చేస్తావురా, లే, లేచి సమాధానం చెప్పి చావు!" కొట్టాను, కాలర్ పట్టి లేపి కొట్టాను, ఇన్నేళ్ళ బాకీ అరచేతిలోకి వచ్చింది, నా ముంజేతి రక్తం వాడి మొహమంతా అంటుకుంది, వాడిదో నాదో తెలియకుండా అయింది. ఎవరో వెనక నుంచి నా చేతులు పట్టేసుకున్నారు. దర్జీ బాబాయి. మెడలో టేపు అలాగే ఉంది. "వచ్చేస్తున్నారమ్మా, ఫోన్ చేశాను. వదులు తల్లీ, వదిలెయ్, చచ్చిపోతాడు!"

"చావకూడదనే కొడుతున్నా! నన్ను వదులు బాబాయ్!"

ఆయన నా మొహంలోకి చూశాడు. చేతులు వదిలేశాడు. మళ్ళీ కొట్టాను, బలమంతా పెట్టి. వాడి కనురెప్పలు కదిలాయి. పెదాలు కదిలాయి. గొంతులో ఏదో కూడదీసుకుని, నాలుక మడత పడుతుండగా, మా అమ్మను కలిపి ఒక బూతు తిట్టాడు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. వాడి తల ఒళ్ళోకి లాక్కుని, "ఆపకు, ఇంకోటి తిట్టు" అని, వంగి వాడి నోటి దగ్గర చెవి పెట్టాను.